ముప్పై ఆరు గళ్లు

రాయదుర్గంలో మా ఆఫీసు ఉంది. బీమా కంపెనీల కోసం ప్రమాదాల లెక్కలు కట్టడం మా పని. ఏ వయసువాళ్లకు ఏ జబ్బు రావడానికి ఎంత అవకాశం ఉంది, ఏ ప్రాంతంలో ఎన్ని ఇళ్లు వరదలో మునగవచ్చు, ఇలాంటివి. ఉద్యోగ జీవితమంతా ఇందులోనే గడిచింది, ఇంకొన్నాళ్లలో రిటైరవుతాను. ఏటా కొత్తగా చేరే పిల్లలతో మొదటి రోజు ఒక గంట మాట్లాడే బాధ్యత నాకు అప్పగించారు. ఆ గంటలో ఎప్పుడూ ఒకటే కథ చెప్పేదాన్ని. చిన్నప్పుడు మా ఇంటి పక్క ఒక అవ్వ ఉండేదనీ, ఆమెతో ఎర్ర పాచిక, తెల్ల పాచిక వేసి ఆడుతూ ఆడుతూ సంభావ్యత అంటే ఏమిటో ఎవరూ చెప్పకుండానే నేను కనిపెట్టాననీ, నేల మీద ముప్పై ఆరు గళ్లు గీసి చింతగింజలు పేర్చాననీ చెప్పేదాన్ని. పిల్లలకు ఆ కథ నచ్చేది. కొందరు చప్పట్లు కొట్టేవారు. చెప్పగా చెప్పగా అది నాకు ఎంత అలవాటైపోయిందంటే, ఆ గళ్లు గీసిన చెయ్యి నాది కాదన్న సంగతి చెబుతున్నంతసేపూ గుర్తుకు వచ్చేది కాదు.

ఈ ఏడాది ఆ గంట అయిపోయాక ఒకమ్మాయి వెనక వరసలోంచి లేచి నా దగ్గరకు వచ్చింది. మనిషి సన్నగా ఉంది, ముఖం నిండా సంతోషం.

"మేడమ్, ఒక్క నిమిషం. మీరు చెప్పిన లెక్క మా అమ్మ కూడా నాకు గిట్లనే చెప్పింది. ఎర్రది, తెల్లది, ముప్పై ఆరు గళ్లు, చింతగింజలు. సేమ్ టు సేమ్ మేడమ్!"

"మీ అమ్మగారు టీచరా?"

"కాదు మేడమ్, నిజాంపేటల గర్ల్స్ హాస్టల్ నడిపిస్తది. టెన్త్ వరకే చదివింది. మా అమ్మమ్మోళ్లది మదీనాగూడ."

నా చేతిలో మైకు ఇంకా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, "పేరేమిటి?" అన్నాను. "నాదా మేడమ్? శ్రావణి" అంది. "నీది కాదు, మీ అమ్మది" అన్నాను. "మంజుల" అంది ఆ అమ్మాయి.

మంజుల వాళ్లింట్లో మేము కిరాయికి ఉండేవాళ్లం. మా నాన్నగారు ప్రభుత్వాఫీసులో గుమస్తా. కృష్ణా జిల్లా నుంచి బదిలీ అయి వచ్చినప్పుడు పట్నంలో ఇల్లు దొరక్క అంత దూరం వెళ్లాం. అప్పటికి మదీనాగూడ ఊరే. బొంబాయి రోడ్డు మీద లారీలు పోతుంటే దుమ్ము లేచేది, రోడ్డు దిగితే ద్రాక్షతోటలు, వాటి వెనక గుండ్రాళ్ల గుట్టలు. మంజుల నాన్న మల్లయ్యగారికి ఒక ద్రాక్షతోట ఉండేది. ఇంటి ముందు భాగంలో రెండు గదులు మావి, వెనక భాగం వాళ్లది, మధ్యలో షాబాదు బండలు పరిచిన వాకిలి. పొద్దున్నే మా వైపు నుంచి కాఫీ డికాక్షను వాసన, వాళ్ల వైపు నుంచి జొన్నరొట్టె పెనం మీద కాలే వాసన వచ్చి ఆ వాకిట్లో కలిసేవి. ద్రాక్ష కాపుకొచ్చే రోజుల్లో తోటలో కొట్టే మందు వాసన వాళ్ల బట్టలకు అంటుకుని ఎంత ఉతికినా పోయేది కాదు. మా అమ్మ ఆ వాసనకు ముక్కు మూసుకునేది. "ఆ పిల్లతో ఎక్కువ తిరగకే, నీ భాష చెడిపోతుంది" అని నాతో అంటూ ఉండేది. నేను మంజులతో తిరగడం మానలేదు గానీ, అమ్మ మాటలోని ఆ తేలికదనం మాత్రం నాకు తెలియకుండానే నాలోకి ఎక్కింది.

మంజులా నేనూ ఒకే క్లాసు. ఆమె వారంలో మూడు రోజులే బడికి వచ్చేది. వాళ్ల అవ్వ, అంటే మల్లయ్యగారి తల్లి, తోటలో జారిపడి తుంటి విరిగి మంచం పట్టింది. పెద్దవాళ్లంతా తోటకు వెళ్లిపోతే ఆమె దగ్గర ఉండేది మంజులే. అవ్వకు పచ్చీసు అంటే ప్రాణం. మొదట గవ్వలతోనే ఆడేది. కళ్లకు పొరలు కమ్మాక ఏ గవ్వ వెల్లకిలా పడిందో, ఏది బోర్లా పడిందో కనిపించక చిరాకు పడేది. అప్పుడు మల్లయ్యగారు వడ్లాయన చేత రెండు చెక్క పాచికలు చేయించారు. చుక్కల బదులు లోతుగా గుంటలు తొలిపించారు, వేలితో తడిమితే ఎన్నో తెలిసేలా. ఒకదానికి ఎర్రరంగు వేయించారు. అవ్వకు మసకగా ఆ ఎరుపు తెలిసేది. ఆమె పెట్టిన నియమం ప్రకారం ఎర్రదాని పందెం ముందు నడవాలి, తెల్లదాని పందెం తర్వాత నడవాలి. అందుకని మంజుల ప్రతిసారీ గట్టిగా చెప్పేది: "ఎర్రది మూడు, తెల్లది నాలుగు, అవ్వా!" అవ్వ తడిమి చూసుకుని, "నిజమే చెప్పినవు, దొంగదానా" అని నవ్వేది. మధ్యాహ్నాలు వాకిలంతా ఈ కేకలే. అవ్వ తలకు రాసుకున్న ఆముదం వాసన, పక్కన ఎండబెట్టిన చింతపండు వాసన, బండల మీద పాచికలు దొర్లే చప్పుడు.

ఒక మధ్యాహ్నం వాళ్ల ఆట చూస్తూ కూర్చుని, మొత్తం ఏడు రావాలని అవ్వ గొణుక్కుంటుంటే, నేను పెద్ద తెలిసినదానిలా కలగజేసుకున్నాను. "ఆరూ, ఏడూ, ఎనిమిదీ మూడూ సమానమే అవ్వా. ఆరు రావాలంటే ఒకటీ ఐదూ, రెండూ నాలుగూ, మూడూ మూడూ. ఏడుకి ఒకటీ ఆరూ, రెండూ ఐదూ, మూడూ నాలుగూ. ఏదైనా మూడు రకాలుగానే వస్తుంది" అన్నాను.

"కాదు. ఏడే ఎక్కువ వస్తది" అంది మంజుల.

"నీకెలా తెలుసు?"

"రోజూ వేస్తున్న కదా. రెండు కంటే మూడు కూడా ఎక్కువ వస్తది. రెండు రావాలంటే రెండిట్లనూ ఒకటే పడాలె. మూడుకు గట్ల కాదు."

నేను నవ్వాను. "లెక్కంటే రోజూ వేయడం కాదు మంజులా, ఆలోచించాలి" అన్నాను. తను పాచికలు తీసి అవ్వ చేతికిచ్చింది.

మా లెక్కల మాస్టారిది కూడా మా జిల్లానే. నాన్నగారితో సాయంత్రాలు కాఫీ తాగేవారు, నన్ను "మన వసుధ" అనేవారు. పదో తరగతిలో ఉండగా జిల్లా గణిత పోటీలకు మా బడి నుంచి ఒక్కరిని పంపించాలని కబురొచ్చింది. అక్కడ నెగ్గినవాళ్లకు ఒక జూనియర్ కాలేజీ వాళ్లు హాస్టల్‌తో సహా సీటు ఇస్తామన్నారు. ఆ ఒక్కరినీ ఎంచుకోవడానికి మాస్టారు శనివారం ఒక లెక్క ఇచ్చారు. "రెండు పాచికలు ఒకేసారి వేస్తే ఏ మొత్తం రావడానికి అన్నిటికంటే ఎక్కువ అవకాశం ఉంది? ఎందుకు? పుస్తకంలో వెతక్కండి, లేదు. సోమవారం మొదటి పీరియడ్‌లో బోర్డు మీద చేసి చూపించాలి" అన్నారు. ఆ సాయంత్రమే మల్లయ్యగారు వాకిట్లో కూర్చుని మంజులతో అంటుంటే విన్నాను. "సారు నిన్ను పోటీకి పంపిస్తె ఇగ ఎంతదాకనైనా సదివిస్త బిడ్డా. లేకుంటే నువ్వే చూస్తున్నవు, అవ్వ దగ్గర ఒకలు ఉండాలె, తోటకు మనిషి కావాలె."

ఆదివారం నేను రెండు పాచికలూ పడే ఇరవై ఒక్క రకాలూ కాగితం మీద వరసగా రాసుకుని, ఆరూ ఏడూ ఎనిమిదీ మూడూ సమానమని తేల్చి, ఎందుకో నమ్మకం కుదరక మంజుల దగ్గరకు వెళ్లాను. తను బండ మీద సుద్దతో గళ్లు గీస్తోంది. అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు.

"పైన ఎర్రది, పక్కన తెల్లది" అంది తలెత్తకుండానే. "ఎర్రది ఒకటి, తెల్లది ఆరు పడితె గీ గడి. ఎర్రది ఆరు, తెల్లది ఒకటి పడితె గా గడి. రెండు వేరే వేరే. అవ్వనడుగు, ఎర్రది ఆరు పడ్డదా తెల్లది ఆరు పడ్డదా అని కొట్లాడతది. మూడూ మూడూ మాత్రం ఒక్క గడే. అది తిప్పేస్తె కూడా గదే కదా."

ఏడు వచ్చే గళ్లలో చింతగింజలు పెట్టింది. ఈ మూల నుంచి ఆ మూల వరకు ఏటవాలుగా ఒక వరస నిండింది. ఆరు గింజలు. ఆ గింజలు తీసి ఆరు వచ్చే గళ్లలో పెట్టింది. ఒక గింజ చేతిలో మిగిలిపోయింది. ఎనిమిదికి కూడా అంతే, ఒకటి మిగిలింది. "మొత్తం ముప్పై ఆరు గళ్లు. ఏడుకు ఆరు, మిగిలినయన్నీ గంతకంటె తక్కువ" అంది. నాకు ఒక్కసారిగా అంతా కనిపించింది. రెండుకు ఒక్క గడి, మూడుకు రెండు. తను ముందు నుంచీ చెబుతున్నది అదే. నా ఇరవై ఒక్కటీ తప్పని చెప్పడానికి వేరే రుజువు అక్కర్లేదు. నేను మాత్రం "బాగుంది" అని కూడా అనలేదు. "చూద్దాం" అని లేచి వచ్చి, గదిలో కూర్చుని, ఆ గళ్లన్నీ నా నోట్సులోకి ఎక్కించుకున్నాను.

సోమవారం బయల్దేరుతుంటే మంజుల మా గుమ్మం దగ్గరకు వచ్చింది. అవ్వకు తెల్లవారుజాము నుంచి ఆయాసంగా ఉంది. "దవాఖానకు తీస్కపోతున్నం వసుధా. నేనొక గంటల వస్త. సారుకు జర చెప్పు, నేను వచ్చేదాక ఆగమను" అంది. సరేనన్నాను. దారంతా చెప్పాలనే అనుకున్నాను. మాస్టారు క్లాసులోకి వచ్చి, "ఎవరు చేశారు?" అనగానే నా చెయ్యి పైకి లేచింది. బోర్డు మీద గళ్లు గీశాను, పైన ఎర్రది, పక్కన తెల్లది. మాస్టారు కుర్చీలోంచి లేచి వచ్చి నా తల నిమిరారు. "చూశార్రా, ఆలోచించడం అంటే ఇదీ!" అన్నారు.

మంజుల వచ్చేసరికి బోర్డు ఇంకా తుడవలేదు. క్లాసు గుమ్మంలో నిలబడి ఆయాసపడుతూ బోర్డు వైపు చూసింది.

"ఇప్పుడా రావడం? సరే, నీ జవాబేమిటమ్మా?" అన్నారు మాస్టారు.

"గదే సార్."

"బోర్డు చూసి అదే అనడం ఎవరైనా అంటారు. రాకపోతే రాలేదని చెప్పు. కాపీ కొట్టడం నేర్చుకోకు."

క్లాసంతా నవ్వింది. మంజుల నావైపు చూసింది. నేను నోట్సులోకి తల వంచుకున్నాను, ఏదో రాసుకుంటున్నట్టు. ఇంటికి వెళ్లేటప్పుడు దారిలో ఒకే ఒక్క మాట అడిగింది. "నేను లేటయితనని సారుకు చెప్పినవా?"

"చెప్పాను" అన్నాను.

పోటీకి నేనే వెళ్లాను, నెగ్గాను. సీటు వచ్చింది. పరీక్షలయ్యాక మంజుల చదువు ఆగిపోయింది. మాకు క్వార్టర్స్ దొరికి ఆ ఇల్లు ఖాళీ చేశాం. ఆమెకు పెళ్లయిందని ఎవరో చెబితే విన్నాను. నా తర్వాతి చదువులూ, ఉద్యోగమూ, ఇవాళ నేను నివసించే ఇల్లూ అన్నీ ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ బండ దగ్గర మొదలైనవే. చాలా ఏళ్లు నేను ఆ సంగతిని ఇలా సర్దుకున్నాను: చిన్నతనం, పోటీ, భయం, అందరు పిల్లలూ చేసేదే. సర్దుకోవడం పూర్తయ్యాక ఆ కథలో మంజుల లేకుండా పోయింది. అవ్వ మాత్రం మిగిలింది, ఎందుకంటే అవ్వ ఉంటే కథ అందంగా ఉంటుంది.

శ్రావణి దగ్గర చిరునామా తీసుకుని ఒక ఆదివారం పొద్దున నిజాంపేట వెళ్లాను. మదీనాగూడ మీదుగానే పోనిమ్మని క్యాబ్ అబ్బాయికి చెప్పాను. ద్రాక్షతోట ఉన్నచోట ఇప్పుడు ఏముందో పోల్చుకోలేకపోయాను. రెండు షాపింగ్ మాల్స్ మధ్య ఎక్కడో అయి ఉంటుంది. ఎన్నేళ్లుగానో ఇదే రోడ్డు మీద ఎన్నిసార్లో తిరిగాను. ఒక్కసారీ అటు తల తిప్పి చూడలేదు.

హాస్టల్ సందు లోపల ఉంది, నాలుగంతస్తుల భవనం. కింద వంటగదిలో పెద్ద గిన్నెలో పప్పుకు పోపు పెడుతోంది మంజుల. జుట్టు నెరిసింది, కళ్లజోడు వచ్చింది. గరిటె పట్టుకునే నావైపు కాసేపు చూసింది.

"నువ్వు వసుధవు" అంది. "మా శ్రావణి చెప్పింది, గా మేడమ్ నా పేరడిగిందని. నువ్వే అనుకున్న. కూసో."

వంటామెకు గరిటె ఇచ్చి, చాయ్ తెప్పించి, ఎదురుగా కూర్చుంది. నేను దారిలో కూడగట్టుకున్న మాటలన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. గళ్లు తనవని, మాస్టారికి కబురు చెప్పలేదని, చెప్పానని అబద్ధమాడానని, ఇన్నేళ్లూ ఆ కథను నాదని చెప్పుకున్నానని. తను చాయ్ చల్లారేదాకా విన్నది.

"సారుకు నువ్వు చెప్పలేదని నాకు గా రోజే తెల్సు. చెప్తె గట్ల అడగడు కదా."

"మరి నన్నెందుకు నిలదీయలేదు?"

"అడిగిన కదా. చెప్పిన అన్నవు. ఇగ రెండోసారి ఏమడుగుత?" అంది. "లెక్కల ఏమున్నది వసుధా. నువ్వు చేసినా నేను చేసినా ముప్పై ఆరే వస్తది. గా ముచ్చట నేను ఎప్పుడో ఇడిసిపెట్టిన. మా నాయినకు నువ్వు చెప్పిన మాటనే మర్చిపోలేకపోయిన."

"మీ నాన్నగారికా? నేనేం చెప్పాను?"

మంజుల కళ్లజోడు తీసి నా ముఖంలోకి చూసింది. నేను నటిస్తున్నానేమో అని చూసినట్టుంది. "నిజంగ యాదికి లేదా?" అంది.

లేదు. అప్పుడు తనే చెప్పింది. ఆ సోమవారం సాయంత్రం మల్లయ్యగారు తోట నుంచి నేరుగా మా అరుగు దగ్గరకు వచ్చారట. కాళ్లకు బురద ఉందని పైకి ఎక్కకుండా కిందే నిలబడ్డారట. నాన్నగారు కుర్చీలో ఉన్నారు, నేను పక్కనే చదువుకుంటున్నాను. మంజుల తలుపు వెనక నిలబడి వింటోంది. "బిడ్డా, నువ్వైతె అబద్ధం చెప్పవు. మా మంజుల చూసి చేసిందని సారు అన్నడట. నిజమేనా?" అని అడిగారట.

"నువ్వు మీ నాన్న దిక్కు చూసినవు" అంది మంజుల. "చూసి, 'అవునండి. తను ఎప్పుడూ నా దాంట్లోనే చూస్తుందండి' అన్నవు."

తన మాటల మధ్య ఆ ఒక్క వాక్యం మా ఇంటి భాషలో వచ్చింది. నేను అన్నది అన్నట్టుగా, అండీతో సహా. నలభై ఏళ్లకు పైగా అలాగే దాచుకుని ఉంది. అలా అని ఉండనని అందామనుకున్నాను. మల్లయ్యగారి కాళ్ల మీద ఎండిపోతున్న బురద, ఆయన తల ఊపి వెనక్కి తిరగడం, నాన్నగారు పేపరు తిప్పిన చప్పుడు ఒక్కొక్కటే వచ్చి నా ముందు నిలబడ్డాయి. నేను ఒప్పుకోవడానికి వచ్చిన తప్పు చిన్నది. అసలుదాన్ని నేను పూర్తిగా చెరిపేసుకున్నాను.

"తర్వాత ఆయనకు నువ్వు చెప్పలేదా?" అన్నాను.

"చెప్పకేం. బండ మీద గళ్లు గీసి చూపించిన. ఏడ్చిన. 'గా పిల్ల ఎందుకు అబద్ధం చెప్తది, సదువుకున్న ఆఫీసు సారు బిడ్డ' అన్నడు. కొట్టలే, తిట్టలే. ఇగ బడి ముచ్చట తియ్యలే. నన్ను మంచిగనే చూసుకున్నడు, పెండ్లి చేసిండు. గానీ పోయేదాక నా బిడ్డ చూసి రాసేది అనే అనుకున్నడు."

పైనుంచి అమ్మాయిలు ప్లేట్లు పట్టుకుని దిగుతున్నారు. మంజుల లేచింది. నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. వదిలించుకోలేదు గానీ, పట్టుకోనూ లేదు.

"నాకేం ఫికర్ లేదు ఇప్పుడు. నా పిల్ల మంచిగ చదువుకున్నది" అంది. "ఒక్క మాట. శ్రావణికి నువ్వే చెప్పు. మా మేడమ్‌కు నీకు ఒకటే లెక్క ఎట్ల తెల్సు అమ్మా అని మురుస్తున్నది. నేను చెప్తె అమ్మ ఎచ్చులకు పోతున్నది అనుకుంటది."

మర్నాడు క్యాంటీన్‌లో శ్రావణిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. ఏదీ దాచలేదు, అరుగు దగ్గర అన్న మాట కూడా చెప్పాను. నాకంటే ముప్పై ఏళ్లకు పైగా చిన్నది, నా కిందే పనిచేస్తున్న పిల్ల. చెప్పేస్తే బరువు దిగుతుందని ఎక్కడో ఆశ ఉండి ఉంటుంది నాకు. ఆ అమ్మాయి కోపం తెచ్చుకోలేదు. ముఖంలోని ఆ మొదటి రోజు సంతోషం మాత్రం నేను చూస్తుండగానే పోయింది. 

"తాత నన్ను చిన్నప్పుడు పక్కన కూసోబెట్టుకుని ఒకటే చెప్పేటోడు మేడమ్" అంది. "ఎవ్వరి దాంట్లకూ చూడకు బిడ్డా, మీ అమ్మ లెక్క కావొద్దు అని. నేను సరే తాతా అనేదాన్ని. అమ్మ అక్కడ్నే ఉండేది, వినుకుంట పని చేసుకునేది. ఒక్కసారన్న కాదు అనలే."

నేను ఏదో అనబోయాను.

"ఇది మీరు తాతకు చెప్పాల్సిండె మేడమ్" అని లేచి, నా ప్లేటు కూడా తనే తీసుకుని వెళ్లిపోయింది.